జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: నీళ్లు ఉన్నాయా అని కాదు, ఎలాంటి నీళ్లని అడగండి

కలెక్టర్ గారికి నమస్కారం.

2000లో ఐక్యరాజ్యసమితి ఎనిమిది సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలు పెట్టుకుంది. సురక్షిత తాగునీరు అందని జనాభా శాతాన్ని 2015 నాటికి సగానికి తగ్గించాలన్నది అందులో ఏడో లక్ష్యం కింద ఒక అంశం. ఐదేళ్ల ముందే, 2010లోనే అది నెరవేరిందన్నారు. ఆ లెక్కలో చేతిపంపు ఉంటే చాలు, మెరుగైన నీరు అందినట్టే. నీటిలో ఏముందో ఆ కొలత చూడలేదు.

మా నల్లగొండ పల్లెల్లో ఆ చేతిపంపే మమ్మల్ని వంచేసింది. మా నాయనమ్మ నడుము వంగిపోయి, గోడ పట్టుకుని వాకిలి దాటేది. నా ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కువైతే ఎముకల్ని, పళ్లని పాడుచేసే ఫ్లోరైడ్ లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఆ రోజుల్లో మాకు చెప్పినవారు లేరు.

2015లో వచ్చిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఈ తప్పు దిద్దాయి. అందుకే వాటి మీద నాకు గౌరవం. నీరు ఇంటి ఆవరణలోనే దొరకాలి, అవసరమైనప్పుడు రావాలి, మురుగు, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ కలుషితాలు ఉండకూడదు. ఈ మూడు షరతులూ తీరితేనే సురక్షితమని, నీటి గురించిన ఆరో లక్ష్యం కొలత.

కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చాక మా కష్టం చాలా తగ్గింది. కానీ కుళాయి ఆగిన రోజున బిందెలు మళ్లీ పాత బోరు దగ్గరికే చేరుతున్నాయి.

ప్రతి బోరు నీటి పరీక్ష ఫలితాన్ని పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న పంపులకు ఎర్రరంగు వేయించండి. కుళాయి రాని రోజు ట్యాంకరు పంపాల్సిన అధికారి ఫోను నంబరు కూడా ఆ గోడ మీదే ఉండాలి.

ఇట్లు
నల్లగొండ జిల్లా పౌరుడు