పత్తికొండ నుంచి అమ్మ

తల్లీ,

ఆస్పత్రుల యాప్ పని మీ టీమ్‌కు వచ్చిందని చెప్పినప్పటి నుంచి నీకు ఇవన్నీ రాయాలని ఉంది. ఫోన్లో ఐదు నిమిషాల్లో తెమిలే మాటలు కావు.

వాల్యూ బేస్డ్ కేర్ అంటే ఎన్ని టెస్టులు చేశారని కాదు, పెట్టిన ఖర్చుకు రోగికి ఎంత నయమైందని చూడటం అన్నావు. నాకు చాలా నచ్చింది. అయితే నయమైందని ఎవరు చెప్పాలి? ఇంటింటికీ పోయి షుగర్, బీపీ చూసి ట్యాబ్‌లో ఎక్కించేది మాలాంటి ఆరోగ్య కార్యకర్తలమే కదా. మూడు నెలల సగటు చూపే షుగర్ టెస్టు 9 నుంచి 7కి దిగితే రిపోర్టు బాగున్నట్టే. కింది వీధి అవ్వకు మాత్రం అరికాళ్ళ మంట తగ్గి, రాత్రి నిద్ర పడితేనే నయమైనట్టు. ఆ మాట రాసుకునే గడి నా ట్యాబ్‌లో లేదు. మీ యాప్‌లో పెట్టండి.

మన పక్క వలసల సంగతి నీకు తెలిసిందే. గుంటూరుకు మిరప కోతలకు పోయినవాళ్ళకు అక్కడ మాత్రలు అయిపోతే డాక్టరుకు చూపించడానికి చీటీ ఉండదు. రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవర్లో ఇక్కడ ఇంటి గోడకు మేకుకు వేలాడుతుంటాయి. చేసిన టెస్టులే మళ్ళీ చేయించుకోవాలి, అదంతా కూలి డబ్బే. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే, ఏ ఆస్పత్రి రిపోర్టునైనా రోగి పేరుకు కలిపే 14 అంకెల ఆభా నంబరు అందరికంటే వీళ్ళకే ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. రిపోర్టు, టెస్టు చేసిన ఆస్పత్రి దగ్గరే ఉంటుంది, రోగి ఒప్పుకుంటేనే ఇంకో డాక్టరు చూడగలడు.

ఆ ఒప్పుకునే దగ్గరే చిక్కు. ఓటీపీ ఎక్కడో పనిలో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. ‘వాడు ఎత్తలేదా అమ్మా?’ అంటూ అవ్వ నా మొహం చూస్తూ కూర్చుంటుంది. వాడు ఎత్తినా, దేనికో ఏమిటో అడక్కుండా నంబరు చదివేస్తాడు. ఒప్పుకోవడమంటే అదేనా? ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు చూస్తారు, వద్దంటే ఎలా ఆపాలి, ఇవి తెలుగులో గొంతుతో వినిపించాలి తల్లీ. చదువు రానివాళ్ళ ఆరోగ్యం కూడా వాళ్ళ సొంతమే.

ప్రభుత్వ వీడియో వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరు చూస్తే కర్నూలు బస్సు చార్జీ, ఒక రోజు కూలి మిగులుతాయి. కాలి పుండు మాత్రం స్క్రీన్ మీద తేల్చేది కాదు. అలాంటివాళ్ళను వెంటనే పెద్దాస్పత్రికి పంపమని మీ యాప్ గట్టిగా చెప్పాలి.

సంక్రాంతికి వస్తానన్నావు. కుదిరితే దీపావళికే రా, మీ టీమ్ వాళ్ళను కూడా పిల్చుకొని రా. ఆ తర్వాత సగం ఊరు కోతలకు పోతుంది, అడుగుదామన్నా మనుషులు దొరకరు.

మీ అమ్మ