వారం రోజుల హవాయి యాత్రకు ఒకే బస చాలదు

సంపాదకులు గారికి,

అయ్యా,

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో హవాయిపై వచ్చిన వ్యాసం, అగ్నిపర్వతాలు చూడదలచి ‘బిగ్ ఐలాండ్’కు వెళ్లేవారు కోనా తీరంలో ఒక రిసార్టు చూసుకుని ఏడు రాత్రులూ అక్కడే ఉంటే ద్వీపమంతా సులువుగా చుట్టి రావచ్చని సలహా ఇచ్చింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవారు ఈ మాట నమ్మి గదులు బుక్ చేసుకుంటే సెలవులో పెద్ద భాగం కారులోనే గడిచిపోతుంది. ఈ ద్వీపంలో వారం ఉండేవారు బసను తప్పనిసరిగా రెండు చోట్లకు పంచుకోవాలన్నది నా అభిప్రాయం.

వ్యాసంలో లేని మొదటి విషయం ద్వీపం పరిమాణం. దీని వైశాల్యం సుమారు 10,430 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత తూర్పు గోదావరి జిల్లాకు కాస్త తక్కువ. మిగతా హవాయి దీవులన్నీ కలిపినా ఇంత ఉండవు. పైగా నడిమధ్యన 4,207 మీటర్ల మౌనా కేయా, 4,170 మీటర్ల మౌనా లోవా నిలబడి ఉండటం వల్ల ఒక తీరం నుంచి మరో తీరానికి వెళ్లాలంటే ఆ రెండు కొండల మధ్య నుంచి పోయే రోడ్డెక్కాలి, లేదా తీరం వెంబడి చుట్టూ తిరిగి రావాలి. పడమటి తీరంలోని కోనా నుంచి ఆగ్నేయాన ఉన్న అగ్నిపర్వతాల జాతీయ పార్కుకు కారులో ఒకవైపే రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. లావా వెలుగు కళ్లారా చూడాలంటే చీకటి పడేదాకా ఆగాలి. ఆ తర్వాత దీపాల్లేని, తెలియని రోడ్ల మీద, ఒక్కోసారి పొగమంచులో, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలతో అర్ధరాత్రి కోనా చేరడం సెలవు అనిపించుకోదు. అదే తూర్పు తీరంలోని హిలోలో దిగితే పార్కు ముప్పావు గంట దూరం. పార్కు గుమ్మంలోనే ఉన్న వాల్కేనో అనే ఊళ్లో దిగితే పది నిమిషాలు కూడా పట్టదు. పార్కు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, ఒకసారి కొన్న వాహన టికెట్టు ఏడు రోజులు చెల్లుతుంది. దగ్గరలో ఉన్నవాళ్లు భోజనం చేశాక ఒకసారి, తెల్లవారుజామున ఇంకోసారి వెళ్లి చూసి రావచ్చు.

రెండోది వాతావరణం. ఈశాన్య వ్యాపార పవనాలు మోసుకొచ్చే తేమ అంతా తూర్పు కొండవాలు మీదే కురిసిపోతుంది. హిలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, వర్షచ్ఛాయలో ఉన్న, ద్వీపానికి వాయవ్యాన ఉండే కొహాలా తీరపు రిసార్టుల దగ్గర 250 మిల్లీమీటర్లు పడటమే ఎక్కువ. అందువల్ల ఈత, ఇసుక, ఎండ కోరుకునేవారికి పడమర; జలపాతాలు, పచ్చదనం, లావా కోరుకునేవారికి తూర్పు తగినవి. వాల్కేనో ఊరు సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ రాత్రిళ్లు స్వెటరు లేకుండా బయట నిలబడలేరు. హవాయి అనగానే చొక్కాలు, చెప్పులు మాత్రమే సర్దుకునే మనవాళ్లు దీన్ని గమనించాలి.

నా లెక్క ప్రకారం మూడు రాత్రులు తూర్పున, నాలుగు రాత్రులు పడమర. ముందు తూర్పుకు వెళ్లడమే మేలు, దానికి కారణముంది. మౌనా కేయా మీద 2,800 మీటర్ల దగ్గర ఉన్న సందర్శక కేంద్రానికి హిలో నుంచి గంటలో చేరవచ్చు. సముద్రంలో స్కూబా డైవింగు చేసినవారు ఆ తర్వాత 24 గంటల వరకు ఆ కొండ ఎక్కకూడదు. కొండ ముందు, సముద్రం తర్వాత అని పెట్టుకుంటే ఈ చిక్కే రాదు. తిరుగు విమానానికి ముందు రోజు మాత్రం డైవింగు మానుకోవాలి. శిఖరం దాకా వెళ్లడానికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్పనిసరి. గర్భిణులను, పదమూడేళ్ల లోపు పిల్లలను అంత ఎత్తుకు తీసుకెళ్లవద్దని అక్కడివారే చెబుతారు. ప్రధాన భూభాగం నుంచి నేరుగా వచ్చే విమానాలు ఎక్కువగా కోనాలోనే దిగుతాయి. మీ విమానం చీకటి పడ్డాక దిగేదైతే మొదటి రాత్రి కోనాలోనే పడుకుని ఉదయం బయలుదేరండి.

లావా మన టికెట్ల తేదీలు చూసుకుని రాదన్నది వ్యాసకర్త మరిచిన ఇంకో సంగతి. 2024 డిసెంబరు 23న ఈ పార్కులోని కిలవేయా అగ్నిపర్వతపు శిఖర బిలంలో మొదలైన విస్ఫోటాలు 2025 పొడవునా ఆగి ఆగి సాగాయి. కొన్నిసార్లు లావా 300 మీటర్ల పైకి ఎగజిమ్మింది, మధ్యలో రోజుల తరబడి, కొన్నిసార్లు వారాలపాటు పొగ తప్ప ఏమీ లేదు. ఎగజిమ్మడం మొదలయ్యాక కొన్ని గంటల్లోనే ముగిసిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మూడు రాత్రులు పక్కనే ఉన్నవారికి అది దక్కే అవకాశం, ఒక పగలు వచ్చి పోయేవారికంటే ఎంతో ఎక్కువ. దక్కకపోయినా చల్లారిన లావా నేల మీద నడక ఉంది, చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్‌ల అడవి ఉంది. 2018లో మాత్రం పార్కు ప్రధాన భాగమే మే 11 నుంచి సెప్టెంబరు 22 వరకు మూతపడింది. అందుకే డబ్బు వాపసు రాని బుకింగు ఎంత చవకైనా తూర్పు వైపు చేసుకోకపోవడం మంచిది.

ఇక ఇల్లు ఎంచుకోవడం. పార్కు లోపల అగ్నిబిలం అంచున ఉన్న వాల్కేనో హౌస్‌లో ఉన్నవి 33 గదులే. వాటిలో బిలం వైపు కిటికీ ఉన్నవి అందులోనూ తక్కువ కనుక నెలల ముందే అడగాలి, ‘బిలం వైపు’ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఊళ్లోని అద్దె ఇళ్లలో చాలా వాటికి కుళాయి నీరు పైకప్పు మీద పడ్డ వానను తొట్టెల్లో పట్టినదే, కనుక తాగునీటి సంగతి ముందే కనుక్కోవాలి. హిలో, దానికి దక్షిణాన ఉన్న పునా వైపు ఇళ్లు చవక. అయితే అక్కడ చీకటి పడింది మొదలు కోకీ అనే బొటనవేలంత కప్పలు వేల సంఖ్యలో ‘కో–కీ’ అని తెల్లవార్లూ అరుస్తూనే ఉంటాయి. నిద్ర సున్నితమైన పెద్దవాళ్లుంటే కిటికీలు మూసుకునే వీలున్న గది తీసుకోవాలి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఈ ద్వీపాన్ని లావా ప్రమాదం బట్టి తొమ్మిది మండలాలుగా విభజించింది; 2018లో 700కు పైగా ఇళ్లు లావాలో కలిసిపోయిన దిగువ పునాలో చాలా భాగం అత్యంత ప్రమాదకరమైన ఒకటి, రెండు మండలాల్లోకే వస్తుంది. మూడు రాత్రుల బసకు దానికి భయపడనక్కర్లేదు గాని, లావా దాటిన చోట దారులు ఇంకా పూర్తిగా మునుపటిలా లేవని గుర్తుంచుకోవాలి.

పడమర వైపు నా ఓటు రిసార్టుకు కాదు, వంటగది ఉన్న కాండోకు, అంటే అద్దె ఫ్లాటుకు. రైస్ కుక్కరు పెట్టుకుని, పెరుగు కొనుక్కుని, పిల్లల తడిబట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసుకోగలిగితే నాలుగు రోజులు హాయిగా గడుస్తాయి. శాకాహారులకైతే ఇది సౌకర్యం కాదు, అవసరం. రెండు బసలైతే క్లీనింగు రుసుము రెండుసార్లు కట్టాలి కదా అనేవారున్నారు. నిజమే. తూర్పున రాత్రి అద్దె కొహాలా రిసార్టులతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి మొత్తం మీద నష్టం ఉండదు. ఏ బసకైనా వెబ్‌సైటులో కనిపించే అద్దె మీద రాష్ట్ర, కౌంటీ పన్నులు కలిపి 18 శాతానికి పైగా పడతాయి. రిసార్టుల్లో పార్కింగు, రిసార్టు ఫీజు వేరు. యజమాని అక్కడ నివసించకుండా రోజులకు అద్దెకిచ్చే ఇళ్లు కౌంటీ దగ్గర నమోదై ఉండాలన్న నిబంధన 2019 నుంచి అమల్లో ఉంది కనుక ప్రకటనలో ఆ నమోదు నంబరు లేని అలాంటి ఇంటికి అడ్వాన్సు కట్టకండి.

ఉబ్బసం ఉన్నవారికి ఒక ముఖ్యమైన మాట. కిలవేయా వదిలే గంధక వాయువు గాలిలో కలిసి ఏర్పడే పొగమంచును అక్కడ ‘వాగ్’ అంటారు. వ్యాపార పవనాలు దాన్ని దక్షిణపు కొస చుట్టూ తిప్పి కోనా వైపే చేరుస్తాయి కాబట్టి అగ్నిపర్వతానికి దూరంగా ఉన్నాం కదా అని కోనాలో నిశ్చింతగా ఉండటానికి లేదు. అలాంటివారు కొహాలా తీరంలో ఉత్తరంగా బస చూసుకుంటే కొంత నయం.

తేదీల విషయంలో రెండు జాగ్రత్తలు చాలు: ఈస్టర్ తర్వాతి వారం మెర్రీ మోనార్క్ హులా ఉత్సవానికి హిలోలో గదులు దొరకవు, అక్టోబరులో ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిలు, పరుగు కలిసిన) పోటీలప్పుడు కోనాలో దొరకవు. ఇకమీదట ఇలాంటి యాత్రా వ్యాసాలు వేసేటప్పుడు ఊళ్ల మధ్య కారు ప్రయాణానికి పట్టే గంటలు చూపే చిన్న పటం ఒకటి జతచేయవలసిందిగా మీ యాత్రా విభాగాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శాన్ హోసే, కాలిఫోర్నియా