స్టేజి కంటే ముందు సాధన

తల్లిదండ్రులకు నమస్కారం.

వార్షికోత్సవం దగ్గర పడుతోంది. "మా పాప సంగీతంలో చేరి మూడు నెలలైంది, స్టేజి ఎక్కిస్తారా?" అని చాలామంది అడుగుతున్నారు. మీ ఆత్రం నాకు తెలుసు. జవాబు చెప్పేముందు, మొన్న ఏడో తరగతి పిల్లలకు చెప్పిన ప్రసిద్ధ సంగీత విద్వాంసుడు పాబ్లో కసాల్స్ సంగతి మీకూ చెప్పాలనిపించింది.

ఆయన 1876లో స్పెయిన్‌లోని కటలోనియాలో పుట్టారు. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయించేవారు. సంగీతంతో ఇల్లు గడవడం ఎంత కష్టమో తెలిసిన మనిషి, అందుకే కొడుకును వడ్రంగి పనిలో పెడదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. పదకొండేళ్ల పిల్లాణ్ని వెంటబెట్టుకుని బార్సిలోనా వెళ్లి సంగీత పాఠశాలలో చేర్పించింది. ఆ తల్లి గురించి చెప్పేటప్పుడల్లా నా గొంతు మారుతుంది.

ఆయన వాద్యం చెల్లో. వయోలిన్ జాతిదే, కానీ చాలా పెద్దది. కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయించాలి. కుడి మోచేయి కదలకూడదని అప్పట్లో పిల్లల చంకలో పుస్తకం పెట్టించి నేర్పేవారు. కసాల్స్ ఆ పద్ధతి వదిలేసి చేతిని స్వేచ్ఛగా కదిలించారు.

పదమూడేళ్లప్పుడు బార్సిలోనా రేవు దగ్గర ఒక పాత దుకాణంలో ఆయనకు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన 6 చెల్లో సూట్లు (వరసగా వాయించే బాణీల గుచ్ఛాలు) దొరికాయి. మన సరళీ వరసల్లాగా అవి వేళ్ల సాధనకే పనికొస్తాయని అప్పట్లో అందరి అభిప్రాయం. కసాల్స్ వాటిని దాదాపు 12 ఏళ్లు సాధన చేశాకే సభలో వాయించారు. రికార్డింగ్ 1936లో మొదలుపెట్టేసరికి అరవై నిండవచ్చాయి.

వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్‌గా 1920లో బార్సిలోనాలో సొంత ఆర్కెస్ట్రా పెట్టి, నష్టమొస్తే తన కచేరీల డబ్బుతో పూడ్చారు. కార్మికుల కోసం తక్కువ ధరకే కచేరీలు చేయించారు. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో పాలన వచ్చాక దేశం విడిచి వెళ్లి, ఆ పాలన ఉన్నంతకాలం అక్కడ వాయించనన్నారు. 1971లో, 94 ఏళ్ల వయసులో, ఐక్యరాజ్యసమితిలో ఒక కటలాన్ జానపద గీతం వాయించారు. వణికే ఆ చేతుల్లోంచి వచ్చిన నాదాన్ని రికార్డింగ్‌లో విని మా పిల్లలు కదలకుండా కూర్చున్నారు.

ఇక మీ ప్రశ్న. ఈసారి ఎవరు పాడాలో సంగీతం టీచర్ నిర్ణయిస్తారు. పేరు రాని పిల్లల్ని ఇంట్లో ఏమీ అనకండి, టెన్షన్ పెట్టకండి. వాళ్లు సాధన చేసే ఆ అరగంట మాత్రం దయచేసి టీవీ కట్టేయండి. వచ్చే శనివారం మధ్యాహ్నం హాల్లో కసాల్స్ బాఖ్ రికార్డింగ్ వినిపిస్తున్నాం. మీరూ రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు