చదరంగ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడు టోర్నమెంట్లు తగ్గించి, ఆడేసిన ఆటల్ని తిరగేసే పని పెంచాం. కార్యవర్గంలో కొందరికి ఇది నచ్చలేదు. టోర్నమెంటైతే ఫొటో పేపర్లో పడుతుంది మరి! కానీ పిల్లలు ఫోన్లో బ్లిట్జ్ (నిమిషాల్లో ముగిసే ఆట) మీద బ్లిట్జ్ ఆడి, ఒక్కటీ వెనక్కి తిరిగి చూసుకోకపోతే ఆట ఎలా బాగుపడుతుంది? అందుకే ఆదివారం తరగతికి షరతు పెట్టాం. సొంత స్కోర్‌షీట్ (ఆడిన ఎత్తులు రాసుకున్న కాగితం) తేవాలి, ఏ ఎత్తు ఎందుకు వేశారో పెన్సిల్‌తో పక్కన రాయాలి, ఆ తర్వాతే ఇంజిన్ (మంచి ఎత్తు చూపే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరవాలి. ముందే తెరిస్తే అది చెప్పిన ఎత్తు గుర్తుంటుంది గానీ మన ఆలోచన ఎక్కడ దారి తప్పిందో తెలియదు.

అన్నిటికన్నా గర్వంగా చెప్పుకోవాల్సింది వేసవి సెలవుల్లో జరిపిన 'ఎత్తు చెప్పు' పోటీ. 1924 న్యూయార్క్ టోర్నమెంట్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకా తెల్లపావులతో టార్టకోవర్‌పై గెలిచిన ఆట తీసుకున్నాం. ఎత్తుల కాగితం మీద అట్ట కప్పి, ఒక్కో వరుస కిందికి జరుపుతూ, తెల్లపావుల తర్వాతి ఎత్తేమిటో ముందే రాసివ్వమన్నాం. ఏనుగులు, బంట్లు మాత్రమే మిగిలిన చివరి దశకి (ఎండ్‌గేమ్‌కి) వచ్చేసరికి హాల్లో ఒకటే గొడవ. 35వ ఎత్తులో కాపాబ్లాంకా బంట్లను వదిలేసి రాజును ముందుకు నడిపాడు. ప్రత్యర్థి ఏనుగు రెండు బంట్లను చెక్‌తో సహా కొట్టేసింది. అయినా రాజు ఎఫ్6 గడికి చేరాడు. దారిలో ఎఫ్5లో ఉన్న నల్లబంటును మాత్రం ముట్టుకోలేదు. మనవాళ్లలో ఎక్కువమంది, పెద్దవాళ్లతో సహా, దాన్ని కొట్టేశారు. వదిలేసిన కొద్దిమందిలో ఉన్న ఏడో తరగతి పాపను ఎందుకమ్మా అని అడిగితే, "కొడితే వెనకనుంచి చెక్ పడుద్ది సార్" అంది. ఆ నల్లబంటే తెల్లరాజుకు గొడుగు పట్టిందన్నమాట.

డిసెంబరులో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన 14వ గేమ్ కూడా బోర్డు మీద పెట్టాం. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి జరపడం తప్పని ఇంజిన్ చూసి అందరూ అన్నారు. ఎందుకు తప్పని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు. ఏనుగులు మారాక, మూల గడిలో ఉన్న డింగ్ శకటు కూడా మారక తప్పదని, మిగిలే బంట్ల ఆట ఓటమేనని పావులు కదిపాకే అర్థమైంది. గుకేశ్ బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ ఉన్నారని తెలిసి పిల్లలు మరీ సంబరపడ్డారు.

హాలిచ్చిన పాఠశాల యాజమాన్యానికి, స్కోర్‌షీట్లు ఉచితంగా జెరాక్స్ తీసిచ్చిన సభ్యుడికి, ఎండల్లో మజ్జిగ పంపిన కుటుంబాలకు, పాత పుస్తకాలిచ్చిన పెద్దలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

లెక్కలు కోశాధికారి చదువుతారు. చందాలు వచ్చాయి, గడియారాలు కొన్నాం, కొంత మిగిలింది. ఆడిట్ అయింది.

ఒక మాట మాత్రం చెప్పాలి. వాలంటీర్ల జాబితాలో పేర్లిచ్చినవాళ్లలో చాలామంది బహుమతుల రోజే కనిపించారు, అదీ ఫొటో టైముకి. సొంత గది కోసం పెట్టిన దరఖాస్తు ఏ బల్ల మీద ఉందో సంబంధిత అధికారులకే తెలియాలి. వెళ్లిన ప్రతిసారీ "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అన్నదే జవాబు.

సభ్యుల ఆటలను కంప్యూటర్లోకి ఎక్కించే పని సగంలో ఆగింది. టైపు చేయగలవాళ్లు ఈ సమావేశం అయ్యాక నన్ను కలవండి. లైబ్రరీ పుస్తకాలు ఇంట్లో పెట్టుకున్నవాళ్లు కూడా.

— కార్యదర్శి