పాముల సంరక్షణ: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక (గుంటూరు)

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, సభ్యులకు నమస్కారం. మన ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు అక్కడి మన సభ్యులు సొంత ఇళ్లలో నీళ్లున్నా పనిలో దిగారు. ఇళ్లలోకి చేరిన పాముల్లో ఎక్కువ భాగం విషం లేని నీరుకట్టెలే. టెన్షన్‌లో ఉన్న జనం కనపడిన ప్రతిదాన్నీ కొడుతుంటే, ఫోన్‌లో ఫొటోలు చూసి ఏది ఏ పామో చెబుతూ రాత్రంతా మేలుకున్న డిగ్రీ విద్యార్థులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది నాగులచవితి కార్యక్రమం. పుట్టలో పాలు పోయవద్దంటే ఊళ్లో తిట్లు తింటామని కమిటీలోనే కొందరు భయపడ్డారు. మేము పూజ మానమని ఎవరికీ చెప్పలేదు. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు పుట్ట పక్కన అరిటాకులో పెట్టండి, పాలు పిల్లలకు తాగించండి, పుట్టమన్ను ఎప్పటిలాగే చెవులకు పెట్టుకోండి, కలుగుల్లో మాత్రం ఏమీ పోయకండి, దగ్గర్లో టపాకాయలు కాల్చకండి అన్నాం. పాముకు పాలు ఆహారం కాదని, పాములవాళ్లు నీళ్లు లేకుండా ఎండబెట్టిన పామే దాహానికి పాలు తాగుతుందని మన యానాది పెద్దాయన చెబుతుంటే ఆడవాళ్లు చుట్టూ చేరి విన్నారు. వరిచేలల్లో ఎలకబుట్టలు పెట్టి బతికిన మనిషి ఆయన. ఏ కలుగులో ఎలుక ఉంది, ఏ కలుగులోకి పాము వెళ్లింది అన్నది మట్టి చూసి చెప్పారు. ఆ రోజు మైకు ఇచ్చిన గుడి పూజారి గారికి, మంచినీళ్ల క్యాన్లు పంపిన మిర్చి వ్యాపారి గారికి, పాంప్లెట్లు ఉచితంగా వేసిన ప్రెస్ వారికి, ఇంటింటికీ తిరిగి పిలిచిన డ్వాక్రా అక్కలకు పేరుపేరునా ధన్యవాదాలు.

అక్కడే వ్యవసాయ కూలీలకు పాముకాటు గురించి చెప్పాం. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. గ్యాస్ అనుకుని మాత్ర మింగితే ప్రాణం మీదికి వస్తుంది. రక్తపింజర కాటేస్తే రక్తం గడ్డకట్టదు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఏ పాము కరిచినా కట్లు బిగించకూడదు, గాటు పెట్టకూడదు, మంత్రగాడి దగ్గర టైమ్ పోగొట్టకూడదు. కాలు కదపనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. పొలానికి బూట్లు, చేతిలో టార్చిలైటు, నిద్రకు దోమతెర. ఈ మూడూ లేని ఇంట్లో పామును కాపాడమని అడిగే హక్కు మనకు లేదు.

పరిశోధన సంగతి. మనకు దొరికే యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర విషాలకు పనిచేస్తుంది. దాని తయారీకి విషం ప్రధానంగా చెన్నై దగ్గర ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తుంది. అయితే ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తమిళనాడు పాముల విషంతో చేసిన మందు మన డెల్టా పాముల మీద ఎంత బాగా పనిచేస్తుందో ఇక్కడే పరీక్షించాలి. ఈ విషయమై ఒక కార్యాలయానికి ఉత్తరాలు రాశాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో యాంటీవెనమ్ నిల్వ ఎంత ఉందో బోర్డు మీద రాయమని కూడా కోరాం. ఒక్కదానికీ జవాబు లేదు. వెళ్లి అడిగితే సార్ మీటింగులో ఉన్నారన్నారు. పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించమని 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. కింది స్థాయిలో కదలిక మాత్రం కనపడటం లేదు.

వాలంటీర్ల గురించి కూడా చెప్పక తప్పదు. వాట్సాప్ గ్రూపులో అందరూ ఉన్నారు. అర్ధరాత్రి ఫోన్ వస్తే మళ్లీ ఆ నలుగురే. కొత్తవాళ్లు కొందరు నాగుపామును మెడలో వేసుకుని రీల్స్ చేశారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టడమే నేరం. అలాంటివారిని జాబితా నుంచి తీసేశాం, ఎవరు సిఫారసు చేసినా మళ్లీ చేర్చం. పట్టిన పామును ఊరు దాటించి కొండవీడు అడవిలో వదలడం కూడా ఆపాలి. తెలియని చోట దానికి దాక్కునే చోటు, తిండి దొరకక చచ్చిపోతుంది. అటవీ సిబ్బందికి చెప్పి, పట్టిన చోటికి దగ్గర్లోనే వదలండి.

జమాఖర్చులు ఆడిటర్ గారు సరిచూశారు. కాపీలు బల్ల మీద ఉన్నాయి. చందా బాకీలు కోశాధికారి గారి దగ్గర చెల్లించగలరు.

వచ్చే నాట్ల సీజన్‌కు ముందు కూలీలకు గమ్‌బూట్లు ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. దాతలు కావాలి. సైజులు రాసుకోవడానికి ఊరికి ఒక్కరు చొప్పున ఈ సమావేశంలోనే పేర్లు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి