ఉంగరంలో దాచిన మందు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు రోజూ ఇన్సులిన్ సూది. ఎండాకాలం తిరుపతిలో కరెంటు పోతే మాకు మొదటి టెన్షన్ ఫ్రిజ్‌లోని ఆ సీసాల గురించే. "దీనికి మాత్ర లేదా?" అని అమ్మ అడుగుతూనే ఉంటుంది. మింగితే ఇన్సులిన్ కూడా పప్పన్నంలాగే అరిగిపోతుంది మరి.

ఇలాంటి పెప్టైడ్ మందులను, అంటే అమైనో ఆమ్లాలనే చిన్న అణువులు గొలుసుగా కలిసిన మందులను, కాపాడేందుకు వెతుకుతున్న దారుల్లో రొటాక్సేన్లు ఒకటి. బండి ఇరుసుకు చక్రం తొడిగి, ఊడిపోకుండా కడసీల కొడతాం కదా, అలాగే పెప్టైడ్ గొలుసుకు ఉంగరం లాంటి అణువును తొడిగి రెండు చివర్లా అడ్డు పెడతారు. ఉంగరం కప్పి ఉన్నంతసేపూ, ఇలాంటి గొలుసులను ముక్కలు చేసే మన శరీరంలోని ఎంజైములు దాన్ని సులువుగా కొరకలేవు. తగిన ఎంజైము వచ్చి ఒక అడ్డును తెంచితే ఉంగరం జారి, మందు బయటపడుతుంది. 2009లోనే ఐదు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌తో పరిశోధకులు దీన్ని చేసి చూపారు. ఇన్సులిన్‌లో 51 ఉన్నాయి, కాబట్టి రేపే మాత్ర వస్తుందని అమ్మకు చెప్పలేను. అయినా ఆశ కలుగుతోంది.

మన ఊళ్లో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఐసర్ అనే సైన్సు విద్యా, పరిశోధన సంస్థ ఉంది. అక్కడి కెమిస్ట్రీ అధ్యాపకుల చేత ఇలాంటి సంగతులు నెలకోసారైనా తెలుగులో రాయించి అచ్చువేయండి. అమ్మకు నేను చదివి వినిపిస్తాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి