ఆ మత్తు డాక్టరమ్మకు దండం

మా నాయినకు గుండె బైపాస్ ఆపరేషన్ అయింది. దేవరకొండకు ఇంటికి తీసుకొచ్చాం. అందరికీ ఫోన్ చేసే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నాను.

ఆపరేషన్ కంటే ఆ తర్వాతి నొప్పే మమ్మల్ని భయపెట్టింది. రొమ్ము ఎముకను కోసి, మళ్లీ స్టీలు తీగలతో బిగిస్తారు కదా. దగ్గితే ప్రాణం పోయినంత పని. దగ్గకపోతే కఫం పేరుకుని నిమోనియా వస్తుందని సిస్టర్ల టెన్షన్. ఊపిరి పీల్చే మూడు బంతుల డబ్బా ఇస్తే నాయిన ఒక్క బంతినీ లేపలేకపోయాడు. బోరు మోటరు మీదపడి కాలు విరిగినప్పుడు కూడా కంట నీరు పెట్టని మనిషి, వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పుడొచ్చింది ఆ మత్తు డాక్టర్. చిన్న వయసు. పేరు రాయొద్దంది. మార్ఫిన్ లాంటివి ఎక్కువైతే మగత కమ్మి ఊపిరి ఇంకా మందగిస్తుందట. అందుకని నర్వ్ బ్లాక్ చేద్దామంది. రొమ్ము ఎముకకు రెండు పక్కలా, పక్కటెముకల వెంట వచ్చే నరాల దగ్గర, స్కానింగ్‌లో సూదిని చూసుకుంటూ తిమ్మిరి మందు వేయడం. జెల్ పెట్టే ముందు రెండు అరచేతుల మధ్య రుద్ది వెచ్చచేసింది. "చల్లగా తగిల్తే ఉలిక్కిపడ్తవు పెద్దయ్యా, కుట్లు గుంజుతయ్" అంది. అప్పటిదాకా అక్కడ మా నాయిన ఒక బెడ్ నంబరు. తలుపు దగ్గర నిలబడి ఏడ్చేశాను.

కాసేపటికి నాయిన దిండు ఛాతీకి అదుముకుని దగ్గాడు. సాయంత్రానికి రెండు బంతులు లేచాయి. కాలిలోంచి రక్తనాళం తీసిన చోట సలుపు తగ్గలేదు, ఛాతీకి చేసిన బ్లాక్ అక్కడ పనిచేయదు. మందు కూడా కొన్ని గంటలే. అది దిగే వేళకు, డ్యూటీ అయిపోయినా, ఆమె మళ్లీ వచ్చి చూసింది.

ఇలాంటిది ఒకటుందని ముందు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఆమె డ్యూటీలో లేకపోతే? పక్క బెడ్డులో మిర్యాలగూడ పెద్దమనిషి రాత్రంతా మూలిగాడు, ఆయనకెందుకు చేయలేదో. ఆరోగ్యశ్రీ అప్రూవల్ కోసం కౌంటర్ల చుట్టూ తిప్పిన తిప్పలు రాస్తే తెల్లారుతుంది. పేదోడి గుండెకు పట్నమే దిక్కు ఇంకెన్నాళ్లు?

అక్క, బావ, తమ్ముడు ఎట్లాగూ ఉన్నారు. అమ్మ సంగతి చెప్పేదేముంది.

అయ్యో, రక్తమిచ్చిన మా ఊరి పిల్లలను మర్చిపోయాను. వరండాలో పడుకోవడానికి చాప ఇచ్చిన వాచ్‌మన్ అన్న, మా బర్రెలు చూసుకున్న పక్కింటి చిన్నమ్మ, దారిలో మాల్ ఊరు దాటాక ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు ఆపినంత పనిచేసిన డ్రైవర్ తమ్ముడు... అందరికీ దండాలు. నాయినను చూడ్డానికి ఇప్పుడే గుంపుగా రాకండి, ఇన్ఫెక్షన్ భయం ఉంది.